ఎండలు ముదరకముందే: లిథియం వాడేవారికి జాగ్రత్తలు

బైపోలార్ డిజార్డర్‌కు (పట్టలేని హుషారుతో కూడిన ఉన్మాద దశ, కుంగుబాటు దశ మారిమారి వచ్చే మానసిక జబ్బు) లిథియం వాడేవారు ఏడాదిలో మిగతా కాలమంతా ఎలా గడిపినా, ఎండాకాలంలో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉండాలి. చెమట, దాహం, వడదెబ్బ, నీరు పడక వచ్చే వాంతులు, విరేచనాలు, జ్వరం, తలనొప్పి అంటూ మింగే మాత్రలు ఆ నెలల్లోనే ఒకదాని వెనక ఒకటి వస్తాయి. రోజూ వేసుకునే మాత్రలు అవే అయినా, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా రక్తంలో లిథియం పెరిగిపోవచ్చు. ముందుగా చేయించుకోవలసిన పరీక్షలు, డాక్టరును అడిగి పెట్టుకోవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఎండలు మొదలయ్యాక వాటికి తీరిక దొరకదు.

ఇంత హెచ్చరిక ఎందుకంటే, ఈ మందు పనిచేసే స్థాయికీ హాని చేసే స్థాయికీ మధ్య ఎడం చాలా తక్కువ. చాలామందికి రక్తంలో లిథియం లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేలా డాక్టర్లు చూస్తారు. 1.5 దాటితే విషలక్షణాలు కనిపించడం మామూలే. 2 దాటితే అది అత్యవసర పరిస్థితి. పెద్ద వయసువారిలో అంతకన్నా తక్కువ స్థాయిలోనే, కొన్నిసార్లు రిపోర్టులో అంకె మామూలుగా ఉన్నప్పుడు కూడా, ఇబ్బంది మొదలుకావచ్చు.

లిథియంను కాలేయం విరగగొట్టలేదు. దాదాపు మొత్తం కిడ్నీల ద్వారా మూత్రంలోనే బయటికి పోవాలి. అయితే కిడ్నీ దీన్ని సోడియంతో, అంటే మనం తినే ఉప్పులో ఉండే మూలకంతో, సమానంగా చూస్తుంది. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గినప్పుడు ఉన్న సోడియంను పోనివ్వకుండా వెనక్కి లాగుతుంది. దానితోపాటే లిథియంను కూడా లాగేస్తుంది. ఎండలో చెమటలు కారి నీళ్లు తాగనివారిలో, విరేచనాలతో నీరసించినవారిలో జరిగేది ఇదే.

ఈ సంగతి ప్రపంచానికి తెలిసిన తీరు బాధాకరమైనది. ఉన్మాద దశకు లిథియం పనిచేస్తుందని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో ప్రకటించారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో లిథియం క్లోరైడ్‌ను ఉప్పుకు బదులుగా అమ్మేవారు. గుండెజబ్బు, రక్తపోటు కారణంగా ఉప్పు మానేయమన్నవారే దాన్ని ఎక్కువగా వాడారు. ఒంట్లో సోడియం తక్కువ, పైనుంచి కొలత లేకుండా లిథియం. ఎందరో విషప్రభావానికి గురయ్యారు, కొందరు చనిపోయారు. ఆ దేశంలో లిథియంకు మందుగా అనుమతి రావడానికి 1970 వరకు ఆగవలసి వచ్చింది. ఇప్పుడు అది సురక్షితంగా వాడగలిగిన మందు అయింది. రక్తంలో స్థాయిని కొలిచి చూసే పద్ధతి రావడమే అందుకు ముఖ్య కారణం. అందుకే రక్తపరీక్షను వాయిదా వేయడం నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించే అలవాటు.

మందు మొదలుపెట్టినా, మోతాదు మార్చినా, దాదాపు వారానికి ఒకసారి స్థాయి చూడాలి. అది నిలకడగా ఉన్నాక మొదటి ఏడాది మూడు నెలలకు ఒకసారి, తర్వాత చాలామందికి ఆరు నెలలకు ఒకసారి సరిపోతుంది. వయసు పైబడినవారికి, కిడ్నీ సమస్య ఉన్నవారికి మూడు నెలల గడువే కొనసాగాలి. కిడ్నీ పనితీరు కోసం క్రియాటినిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, వాటితో పాటు కాల్షియం కూడా ఆరు నెలలకు ఒకసారి చూపించుకోవాలి. గడువు ఎండాకాలం నడుమ పడేలా ఉంటే ఎండలు ముదరకముందే చేయించుకోమని నా సలహా. మంచి స్థితిలో ఉన్నప్పటి అంకె చేతిలో ఉంటే, తర్వాత తేడా వచ్చినప్పుడు పోల్చి చూడడానికి డాక్టరుకు వీలవుతుంది.

రక్తం ఇచ్చే వేళ దగ్గరే పొరపాట్లు ఎక్కువ. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీయాలి. రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకుంటే మర్నాడు ఉదయం తొమ్మిదికి ల్యాబ్‌లో ఉండాలి. ఉదయం కూడా మాత్ర ఉన్నవారు దాన్ని జేబులో వేసుకుని వెళ్లి, రక్తం ఇచ్చాక మింగాలి. ముందే మింగేస్తే అంకె లేనిపోని ఎత్తుకు పోతుంది, దాన్ని చూసి డాక్టరు మోతాదు తగ్గించే ప్రమాదం ఉంది. ల్యాబ్ చీటీ మీద చివరి మాత్ర వేసుకున్న వేళ రాయించండి. ఇంకొక చిన్న సంగతి. రక్తం గడ్డకట్టకుండా లిథియం హెపారిన్ పూసిన గొట్టాలు కొన్ని ఉంటాయి. అందులో రక్తం తీస్తే గొట్టంలోని లిథియం కూడా లెక్కలోకి వస్తుంది. మీరు బాగానే ఉన్నా రిపోర్టులో అంకె భయంకరంగా కనిపిస్తే, ఏ గొట్టంలో తీశారో కనుక్కోమని డాక్టరును అడగడంలో తప్పు లేదు.

ఇక రోజువారీ సంగతి. రోజుకు రెండున్నర, మూడు లీటర్ల నీళ్లు చాలామందికి తగిన కొలత. గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవారు మాత్రం తమ కొలత డాక్టరునే అడగాలి. దాహం అయ్యేదాకా ఆగకుండా మధ్యమధ్యలో తాగుతూ ఉండాలి. లిథియం వల్ల కొందరికి మూత్రం ఎక్కువగా వచ్చి, దానివల్ల దాహం పెరుగుతుంది. మాటిమాటికీ లేవవలసి వస్తోందని నీళ్లు తగ్గించుకోవడం ఎంతమాత్రం తగదు. ఆ ఇబ్బందిని డాక్టరుకు చెప్పండి.

ఉప్పు విషయంలో కావలసింది నిలకడ. ఎక్కువ తినమని చెప్పడం లేదు, రోజూ తినేంతే తినమంటున్నాను. ఒక్కసారిగా ఉప్పు మానేస్తే లిథియం పెరుగుతుంది, ఒక్కసారిగా పెంచితే తగ్గుతుంది. బరువు తగ్గాలని కొత్త ఆహార నియమాలు మొదలుపెట్టేవారు, ఉపవాసాలు చేసేవారు, బీపీ వచ్చిందని చప్పిడి తిండికి మారేవారు ముందుగా మానసిక వైద్యుడికి ఆ మాట చెప్పాలి. కాఫీ, టీలకూ ఇదే వర్తిస్తుంది. బాగా అలవాటున్నవారు హఠాత్తుగా మానేస్తే లిథియం స్థాయి పెరగవచ్చు.

వాంతులు, విరేచనాలు, తీవ్ర జ్వరం వచ్చిన రోజు ఏం చేయాలో ఆ రోజు ఆలోచించుకునే ఓపిక ఉండదు. "నీళ్ల విరేచనాలు పట్టుకుంటే ఆ పూట మాత్ర వేసుకోవాలా, ఆపాలా?" అని తర్వాతి సందర్శనలోనే డాక్టరును అడిగి, సమాధానం కాగితం మీద రాసుకుని మందుల డబ్బాలో పెట్టుకోండి. జబ్బు చేసిన రోజే ఫోన్ చేయాలి, రెండు రోజులు చూద్దామని ఆగకూడదు. కొన్నాళ్లు మాత్ర ఆపమనవచ్చు, వెంటనే రక్తపరీక్ష చేయించమనవచ్చు. ఈలోగా ఓఆర్ఎస్ ద్రావణం కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. అందులో నీటితో పాటు ఉప్పు కూడా ఉంటుంది.

జ్వరానికి, ఒంటినొప్పులకు వేసుకునే మాత్రల దగ్గర చాలామంది దెబ్బతింటున్నారు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ వంటి నొప్పి మాత్రలు కిడ్నీ లిథియంను వదిలించుకునే వేగాన్ని తగ్గిస్తాయి. లిథియం వాడేవారికి నొప్పికైనా, జ్వరానికైనా పారాసిటమాల్ మేలు. అది కూడా చెప్పిన మోతాదులోనే. అట్ట మీద పారాసిటమాల్ అని ఉందని సంతోషించకుండా కింది వరుస కూడా చదవండి. ఒకే మాత్రలో దానితో పాటు ఇబుప్రొఫెన్ కలిపి అమ్మేవీ ఉన్నాయి.

బీపీ మందులు ఇంకా ముఖ్యం. ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే హైడ్రోక్లోరోథయజైడ్ వంటివి లిథియం స్థాయిని పెంచుతాయి. వీటిని వాడనే కూడదని కాదు. తప్పనిసరైతే లిథియం మోతాదు సవరించి, త్వరత్వరగా రక్తపరీక్షలు చేస్తూ వాడతారు. బీపీ చూసే డాక్టరుకు మీరు లిథియం వాడుతున్నట్టు తెలియకపోవడమే ఇక్కడి ప్రమాదం. మానసిక జబ్బుకు మందు వాడుతున్నామని పైకి చెప్పడానికి ఎంత ఇబ్బందిపడతామో అందరికీ తెలుసు. కనీసం మందు రాసే ప్రతి డాక్టరుకూ, పళ్ల డాక్టరుతో సహా, ఈ ఒక్క పేరూ చెప్పండి.

మీతో పాటు ఇంట్లోవారు కూడా తెలుసుకోవలసింది విషలక్షణాల సంగతి. లిథియం వాడేవారిలో చాలామందికి వేళ్లు సన్నగా వణుకుతుంటాయి. కప్పు పట్టుకున్నప్పుడు కనిపించే ఆ వణుకు సాధారణమే. అదే వణుకు ముతకగా మారి చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నా, సంతకం గుర్తుపట్టలేనట్టు వస్తున్నా, నడకలో తూలుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, కండరాలు అదురుతున్నా, మత్తుగా, అయోమయంగా ఉన్నా తర్వాతి మాత్ర వేసుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. వాంతులు, విరేచనాలు ఈ విషానికి కారణమూ కావచ్చు, దాని లక్షణమూ కావచ్చు. మత్తులో ఉన్న మనిషికి తన స్థితి తనకు తెలియదు కాబట్టి, మాట తేడాను గమనించవలసింది పక్కనున్నవారే. ఆలస్యం చేస్తే ఫిట్స్, స్పృహ తప్పడం దాకా పోతుంది. ప్రాణం దక్కినా నడక, మాట పూర్తిగా కుదుటపడనివారూ ఉన్నారు. ఆసుపత్రిలో మొదటి మాటగా "లిథియం వాడుతున్నారు" అని చెప్పి, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నదీ చెప్పండి. స్థాయి మరీ ఎక్కువైతే డయాలసిస్‌తో తీసివేయగలుగుతారు.

ఇదంతా చదివి, ఈ గొడవెందుకని మాత్రలు మానేయాలనిపిస్తే దయచేసి ఆ పని చేయకండి. విషలక్షణాలు కనిపించినప్పుడు తప్ప, మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకూడదు. హఠాత్తుగా ఆపితే ఉన్మాద దశ తిరగబెట్టే ముప్పు, ఆత్మహత్య ముప్పు రెండూ పెరుగుతాయి. మానవలసి వస్తే డాక్టరు కనీసం నాలుగు వారాలు, వీలైతే మూడు నెలల మీద మెల్లగా తగ్గిస్తారు. ఒక పూట మరిచిపోతే మర్నాడు రెండు మాత్రలు కలిపి వేసుకోవద్దు, తర్వాతి వేళకు మామూలుగా ఒక పూట మోతాదే వేసుకోండి. నెమ్మదిగా కరిగే రకం మాత్రను నమిలి, పొడిచేసి మింగకూడదు. కంపెనీ మారితే ఒంట్లోకి ఎక్కే తీరు మారవచ్చు కాబట్టి ఎప్పుడూ ఒకే పేరున్న మాత్ర తీసుకోవడం మంచిది. ప్రయాణానికి వెళ్లేటప్పుడు ఆ రోజులకు కావలసినదానికన్నా కొంచెం ఎక్కువే మాత్రలు సర్దుకోండి.

గర్భం కోరుకునేవారు నెలతప్పాక కాకుండా ముందే డాక్టరుతో మాట్లాడాలి. గర్భంలో లిథియం స్థాయి తగ్గుతూ, కాన్పు వేళకు మళ్లీ మారుతుంది కాబట్టి మరింత తరచుగా పరీక్షలు అవసరం. పెద్ద ఆపరేషన్ ఉంటే మత్తు ఇచ్చే డాక్టరుకు ముందే చెప్పాలి. ఎన్ని గంటల ముందు మాత్ర ఆపాలో వారే చెబుతారు. వీటన్నిటికీ పనికొచ్చేలా మందు పేరు, మోతాదు, చివరి పరీక్ష తేదీ, అందులో వచ్చిన అంకె, డాక్టరు ఫోను నంబరు రాసిన చిన్న చీటీ ఒకటి పర్సులోనూ, ఇంకొకటి ఇంట్లోవారి దగ్గరా ఉంచండి. ప్రతి పరీక్ష తర్వాత రెండింటిలోనూ అంకె మార్చండి.