పెల్లెట్ బాయిలర్ మనమే చూసుకుందాం – 5వ పాఠం: బూడిదలో కాలని పెల్లెట్లు ఎందుకొస్తున్నాయి

పోయిన పాఠం చివర్లో ఒక పని చెప్పా గుర్తుందా, బూడిద డబ్బా ఖాళీ చేసేటప్పుడు మొత్తం పారేయకుండా రెండు గుప్పెళ్ళు పాత స్టీలు పళ్ళెంలో తీసి పెట్టుకోమని. ఈ పాఠమంతా ఆ పళ్ళెం గురించే. జర్మనీలో సొంతిల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్ళు నలుగురైదుగురు నన్ను ఇదే అడిగారు, బాయిలర్ నడుస్తోంది, ఇల్లు కూడా వేడిగానే ఉంది, కానీ బూడిదలో పెల్లెట్లు (రంపపు పొట్టు నొక్కి చేసిన ముక్కలు) పెల్లెట్లలాగే పడుంటున్నాయి, ఫీడ్, అంటే పెల్లెట్లు పోసే వేగం, తగ్గించేయనా అని. వద్దండి. ముందు బూడిద చూడండి, సెట్టింగుల జోలికి తర్వాత వెళ్దాం.

దానికన్నా ముందు ఒక జాగ్రత్త. నివురుగప్పిన నిప్పు అని ఊరికే అనలేదు మనవాళ్ళు, డబ్బాలో బూడిద పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు రెండు రోజులైనా బతికే ఉంటుంది. మూత ఉన్న ఇనప బకెట్‌లోనే తీయండి, ప్లాస్టిక్ డబ్బాలోకి, మామూలు వాక్యూమ్ క్లీనర్‌లోకి అస్సలు వద్దు. బాయిలర్ రూమ్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ఈ పాఠం ఇక్కడే ఆపి ఒకటి కొని పెట్టుకుని రండి, నేను నిజంగానే చెప్తున్నా.

సరే, అసలు బూడిద ఎంత రావాలి? మనం కొనే ఈఎన్‌ప్లస్ (పెల్లెట్ నాణ్యత ముద్ర) ఏ1 రకం పెల్లెట్లలో బూడిద 0.7 శాతం మించకూడదని రూలు. అంటే 15 కిలోల బస్తాకి 105 గ్రాములు, పది బస్తాలు కాలిస్తే కిలో పైచిలుకు. వంటింటి కాటా మీద తూచి చూడండి. పది బస్తాలకి రెండు కిలోలు తూగితే మిగతా కిలో బూడిద కాదు, మీరు డబ్బులు పెట్టి కొన్న కట్టె కాలకుండా కింద పడిందన్నమాట. ఈ ఒక్క లెక్క చాలు, సమస్య ఉందా లేక మనం ఊరికే కంగారుపడుతున్నామా అని తేలిపోతుంది, ఎందుకంటే నాలుగైదు నల్ల ముక్కలు ఏ బాయిలర్‌లోనైనా ఉంటాయి.

ఇప్పుడు పళ్ళెంలో ఏముందో చూద్దాం. మా అమ్మమ్మ ఇంట్లో రంపపు పొట్టు పొయ్యి ఉండేది, మధ్యలో సీసా నిలబెట్టి చుట్టూ పొట్టు గట్టిగా కూరి, సీసా మెల్లిగా పైకి లాగేస్తే గాలి దారి మిగిలేది, ఆ దారి కూలిపోతే ఇల్లంతా పొగే. పెల్లెట్ అంటే అదే పొట్టు, నొక్కి 6 మిల్లీమీటర్ల మందం పుల్లలాగా చేసింది. నిప్పు తగలగానే ముందు తేమ పోతుంది, తర్వాత గ్యాస్ బయటికొచ్చి మంట అవుతుంది, చివర్లో బొగ్గు మిగిలి అది నిదానంగా కాలి బూడిదవుతుంది. ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో పళ్ళెంలో ముక్క రంగే చెప్తుంది.

మొదటిది, రంగు మారని పెల్లెట్, అంటే బస్తాలో ఎలా ఉందో అలాగే లేత గోధుమ రంగులో ఉంటే దానికి అసలు నిప్పే తగల్లేదు. ఇక్కడ గాలి సెట్టింగులు మార్చి లాభం లేదు. ఇగ్నిషన్ ఫెయిలయి మళ్ళీ ఫీడ్ అయి పాట్ (పెల్లెట్లు కాలే గిన్నె) పొంగి పక్కకి పడుంటాయి, లేదా గ్రేట్ (దాని అడుగున ఉండే కన్నాల పలక) సరిగ్గా కూర్చోక సందులోంచి జారుంటాయి. వేడిగాలి కొట్టే ఇగ్నైటర్ ముందు ఒక చిన్న కన్నం ఉంటుంది, అది బూడిదతో పూడిపోతే ఎలిమెంట్ బాగున్నా వేడి పెల్లెట్‌కి చేరదు, చాలామంది కొత్త ఇగ్నైటర్ కొనేశాక ఈ కన్నం చూస్తారు. స్టార్ట్ నుంచి మంట కనిపించేదాకా ఎన్ని నిమిషాలు పడుతుందో రాసిపెట్టుకోండి, ఆ టైమ్ నెల నెలా పెరుగుతూ పోతోందీ, కన్నం శుభ్రంగానే ఉందీ అంటే అప్పుడు ఎలిమెంట్ అరిగిందని అనుకోవచ్చు. ఇంకోటి మంట చూసే సెన్సర్, దాని మీద మసి పట్టినా బాయిలర్ మంట లేదనుకుని గందరగోళం చేస్తుంది, మెత్తటి పొడిగుడ్డతో తుడవండి.

ఒక్క విషయం మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి. ఇగ్నిషన్ ఫెయిల్ అని ఎర్రర్ వస్తే రీసెట్ కొట్టి మళ్ళీ స్టార్ట్ చేయకండి. పాట్‌లో పెల్లెట్ల కుప్ప ఉంటుంది, అది మంట లేకుండా లోపల్లోపల రాజుకుంటూ పొగ గ్యాస్ నింపుతుంది, ఆ గ్యాస్ ఒక్కసారి అంటుకుంటే డబ్‌మని పేలి తలుపు ఎగిరిపోయే ప్రమాదం ఉంది. కుప్ప పొగలు కక్కుతుంటే తలుపు తెరవకుండా వదిలేయండి, పూర్తిగా చల్లారాక మెయిన్ స్విచ్ ఆపి, పాట్ ఖాళీ చేసి, అప్పుడే మళ్ళీ స్టార్ట్. ఇంట్లో అందరికీ చెప్పండి, మీరు ఆఫీసులో ఉన్నప్పుడు బటన్ నొక్కేది వాళ్ళే.

రెండోది, నల్లగా మారినా ఆకారం చెక్కుచెదరని పెల్లెట్. వేళ్ళ మధ్య నలిపితే బొగ్గులా పొడవుతుంది. ఎక్కువమందికి వచ్చేది ఇదే. గ్యాస్ కాలింది, బొగ్గు కాలడానికి కింద నుంచి రావాల్సిన గాలి గానీ, టైమ్ గానీ చాల్లేదు. నాకు జనవరిలో సరిగ్గా ఇదే వచ్చింది. నేను కూడా ఫీడే తగ్గించా, ముక్కలు కొంచెం తగ్గాయి కానీ బయట మైనస్ పన్నెండు, లోపల 18 దాటలేదు, పిల్లలు స్వెట్టర్లేసుకుని పడుకున్నారు, వారం రోజులు అలా బాధపడ్డాం. చివరికి చూస్తే బూడిద తలుపు గాస్కెట్, అంటే గాలి దూరకుండా అంచున ఉండే పట్టీ, ఒక మూల గట్టిపడిపోయి గాలి అక్కణ్ణుంచి దూరిపోతోంది, గ్రేట్ కన్నాల్లోంచి పోవాల్సిన గాలి పక్కదారి పట్టింది. మీరు వారం ఆగక్కర్లేదు, బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు ఒక కాగితం ముక్క తలుపు సందులో పెట్టి మూసి లాగండి, పట్టి ఉంటే బాగున్నట్టు, సులువుగా జారొచ్చేస్తే అక్కడ గాస్కెట్ పోయినట్టు. చుట్టూతా నాలుగైదు చోట్ల చూడండి.

గాస్కెట్ బాగుంటే గ్రేట్ బయటికి తీసి వెలుతురుకి ఎత్తి పట్టండి, ప్రతి కన్నంలోంచీ వెలుగు రావాలి. కన్నాలు గాజులా గట్టి ముద్దలతో మూసుకుపోయుంటే అది క్లింకర్, కమ్మరి కొలిమిలో చిట్టెం చూసుంటారే అలాంటిదే, బూడిద కరిగి గడ్డకట్టింది. అది ప్రతివారం వస్తోందంటే పెల్లెట్‌లో మట్టి, బెరడు ఎక్కువున్నాయేమో, వేరే లాట్ నాలుగు బస్తాలు తెచ్చి కాల్చి చూడండి. పొగగొట్టం లాగుడు కూడా గాలికి సంబంధించిందే, అది కొలిచే గేజ్ మనదగ్గరుండదు కాబట్టి షోర్న్‌స్టైన్‌ఫేగర్ (పొగగొట్టం శుభ్రం చేసి తనిఖీ చేసేవాడు) వచ్చినప్పుడు అడిగి ఆ నంబర్ రాయించుకోండి.

ఇవన్నీ అయ్యాకే ఫీడ్. ఫీడ్ స్క్రూ తూకం చూడదండి, అది సోలతో కొలిచినట్టు కొలుస్తుంది. సోలెడు అటుకులు, సోలెడు బియ్యం ఒకే బరువు ఉండవు కదా, అలాగే పొట్టి పెల్లెట్లు దగ్గర దగ్గరగా కూరుకుని ప్రతి చుట్టులో ఎక్కువ బరువు పడతాయి, పొడుగువి తక్కువ పడతాయి. ఈఎన్‌ప్లస్ రూలే ఘనపు మీటరుకి 600 నుంచి 750 కిలోల దాకా ఒప్పుకుంటుంది, అంటే రెండూ మంచి పెల్లెట్లే అయినా పావు వంతు తేడా రావచ్చు. అందుకే కొత్త లోడ్ పోయించిన వారానికే నల్లముక్కలు మొదలైతే ముందు పెల్లెట్ పొడవు చూడండి.

కొలవడం ఇలా. బాయిలర్ చల్లారాక, మెనూలో మాన్యువల్ టెస్ట్‌లో స్క్రూ ఒక్కటే ఆన్ చేసి పెల్లెట్లు బకెట్‌లో పట్టండి. ముందు స్క్రూ నిండేదాకా పడినవి పక్కన పెట్టేసి, తర్వాత సరిగ్గా 6 నిమిషాలు పట్టి తూచి, పదితో గుణిస్తే గంటకి ఎంతో వస్తుంది. 1.2 కిలో పడిందనుకోండి, గంటకి 12 కిలోలు. ఇప్పుడు 15 కిలోవాట్ల బాయిలర్‌కి కిలో పెల్లెట్ 4.8 కిలోవాట్ అవర్లు, 90 శాతం పనితనం అనుకుంటే ఫుల్ లోడ్‌లో గంటకి 3.5 కిలోలు చాలు. అంటే స్క్రూ ప్రతి పది సెకన్లలో దాదాపు మూడు సెకన్లే తిరగాలి. మీ స్క్రీన్ మీద నాలుగు చూపిస్తుంటే ఎక్కువ పోస్తున్నట్టే, అప్పుడు తగ్గించండి, ఒకేసారి ఐదు శాతం మించకుండా, రెండు రోజులు కాల్చి మళ్ళీ పళ్ళెం చూసి. పాత నంబర్ ఫోటో తీసుకోకుండా ఏదీ మార్చకండి. సర్వీస్ పాస్‌వర్డ్ అడిగే మెనూ అయితే వదిలేయండి, వారంటీ పోతుంది, ఈ తూకం కాగితం టెక్నీషియన్‌కి ఇవ్వండి.

అక్టోబర్‌లో, మార్చిలో మాత్రమే నల్లముక్కలు వస్తుంటే కథ వేరు. ఈ సైజు బాయిలర్ చాలావాటికి 30 శాతం కన్నా కిందికి మంట తగ్గదు, అంటే నాలుగున్నర కిలోవాట్లు, ఇంటికేమో ఆ రోజుల్లో రెండు చాలు, దాంతో గంటకోసారి ఆరి వెలుగుతుంది, ఆరిన ప్రతిసారీ కొన్ని సగం కాలినవి మిగులుతాయి. దీనికి ఫీడ్ తగ్గించడం మందు కాదు, వేడినీళ్ళు నిలవ ఉంచే బఫర్ ట్యాంక్ కావాలి, ఉంటే దాని ఆన్, ఆఫ్ ఉష్ణోగ్రతల మధ్య దూరం పెంచాలి.

మూడోది మెత్తటి జిడ్డు మసి, అది పైనుంచొచ్చే రెండో గాలి సంగతి, దానికి పొగలో ఆక్సిజన్ కొలిచే లాంబ్డా సెన్సర్ అర్థం కావాలి, అది 6వ పాఠంలో. అప్పటిదాకా మీ పని, స్టార్ట్ కౌంటర్‌లో రోజుకెన్ని స్టార్టులో వారం పాటు రాయండి, పక్కనే బయటి ఉష్ణోగ్రత కూడా. ఆ కాగితం లేకుండా వచ్చే పాఠం మొదలుపెట్టలేం.