ఆల్ఫా-గాల్ ఎలర్జీ ఉంటే ప్యాకెట్ మీద ఏం చూడాలి?

ఆల్ఫా-గాల్ అనేది ఒక చక్కెర అణువు. ఆవు, గేదె, మేక, గొర్రె, పంది మాంసంలోనూ కొవ్వులోనూ, వాటి చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్‌లోనూ ఉంటుంది. కొందరికి పాలూ పడవు. కోడి, గుడ్డు, చేప, రొయ్యల్లో ఉండదు. కాబట్టి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కొన్న వంజరం గురించి బెంగ వద్దు. చిక్కంతా సూపర్‌మార్కెట్ ప్యాకెట్లతోనే.

ముందు గుర్తు చూడండి. పచ్చ చుక్క ఉంటే మాంసం, జెలటిన్ వేయలేదని అర్థం. కానీ అది శాకాహారుల కోసం పెట్టిన గుర్తు. పాలు, నెయ్యి, వే పౌడర్ (పాల విరుగుడు పొడి) అన్నీ దాని కిందికే వస్తాయి. మాడుగుల హల్వానే తీసుకోండి: గోధుమ పాలతో చేసినా నెయ్యి దండిగా పడుతుంది. పాల పదార్థాలు మానమని డాక్టర్ చెప్పినవాళ్లు దాని జోలికి పోకూడదు. మాంసాహార గుర్తైన గోధుమ రంగు త్రికోణం ఉన్న ప్రతిదీ పక్కన పెట్టనూ అక్కర్లేదు. గుడ్డు కేకుకూ అదే గుర్తు.

త్రికోణం కనిపిస్తే పదార్థాల జాబితా మొదటి నుంచి చివరి దాకా చదవండి. మార్ష్‌మాలో, గమ్మీలు, జెల్లీల్లో జెలటిన్ వెతకండి. ఫిష్ జెలటిన్ అని రాయకపోతే పశువుదో పందిదో అనుకోవాలి. హలాల్ ముద్ర ఉన్నా పశువుల జెలటిన్ ఉండొచ్చు. లార్డ్ అంటే పంది కొవ్వు, టాలో అంటే పశువుల కొవ్వు. ఎక్కువమంది మోసపోయేది చికెన్ సాసేజ్ దగ్గర: లోపల కోడి మాంసమే, పై తొడుగు మాత్రం గొర్రె పేగుదో పశువుల కొల్లాజెన్‌దో కావచ్చు.

కింద బొద్దు అక్షరాల్లో ఉండే ‘కంటెయిన్స్’ లైను పాలు, గుడ్డు, చేప, సోయా లాంటివే చెబుతుంది. మాంసం, జెలటిన్ ఆ ఎలర్జీల జాబితాలో లేవు. ఆ ఒక్క లైనుతో సరిపెట్టుకోకండి.

పదార్థాల జాబితాలో ఐఎన్‌ఎస్ (INS) అని ఉండేవి ఆహారంలో కలిపే పదార్థాల నంబర్లు. ఐఎన్‌ఎస్ 407 అంటే క్యారగీనన్. సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి తీస్తారు, ఫ్లేవర్డ్ మిల్క్, ఐస్‌క్రీమ్‌లలో చిక్కదనానికి వేస్తారు. నాచుదే అయినా ఆల్ఫా-గాల్ ఉంటుంది, కొందరికి పడదు. పచ్చ చుక్క దీన్ని ఆపదు. ఐఎన్‌ఎస్ 471 కొవ్వుల నుంచి వస్తుంది. త్రికోణం ఉన్న ప్యాకెట్‌లో అది కనిపిస్తే ఏ కొవ్వో కనుక్కోవాలి.

అనుమానముంటే ప్యాకెట్ మీది కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేయండి. ‘వెజ్జా?’ అని కాదు, ‘జెలటిన్ ఏ జంతువుది? ఫ్లేవర్‌లో మాంసం సారం ఉందా?’ అని అడగండి. తయారీ మారుతుంటుంది, అలవాటైన ప్యాకెట్‌నైనా కొన్న ప్రతిసారీ చదవండి.

మందుల క్యాప్సూల్ పెంకు చాలావరకు జెలటినే. డాక్టర్ మందు రాసేటప్పుడే ఎలర్జీ సంగతి చెప్పండి.

ఈ ఎలర్జీ తిన్న వెంటనే కాక సాధారణంగా 2 నుంచి 6 గంటల తర్వాత బయటపడుతుంది. రాత్రి భోజనంలో తిన్నదానికి అర్ధరాత్రి దద్దుర్లు లేస్తే పడుకునే ముందు తాగిన పాలను అనుమానిస్తాం. అందుకే కొత్త ప్యాకెట్ విప్పినప్పుడు లేబుల్ ఫొటో తీసి, తిన్న టైము రాసుకోండి. ఊపిరి అందకపోయినా, గొంతు బిగిసినా, కళ్లు తిరిగి పడిపోయేలా ఉన్నా డాక్టర్ ఇచ్చిన అడ్రినలిన్ ఇంజెక్షన్ ఉంటే వెంటనే వాడి, 108కి ఫోన్ చేయండి.