కొత్త కబురు పాత నమ్మకాలతో పొసగనప్పుడు ఏం చేయాలి

మే నెల, విశాఖ ఫిషింగ్ హార్బర్. మీ నమ్మకాలు మూడు: ఇది వేట నిషేధ కాలం (ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా), నిషేధంలో మరపడవలు వేటకు వెళ్లవు, ఎదురుగా ఉన్నది మరపడవ. కాబట్టి అది వేటకు వెళ్లలేదు. ఇంతలో అది ఇప్పుడే వేట నుంచి వచ్చిందని నమ్మదగ్గ కబురు అందింది.

దాన్ని నేరుగా చేర్చేయకండి. చేర్చితే మీ నమ్మకాల జాబితాలో ‘వెళ్లింది’, ‘వెళ్లలేదు’ రెండూ ఉంటాయి, అది వైరుధ్యం. సంప్రదాయ తర్కంలో వైరుధ్యం నుంచి ఏ వాక్యమైనా రుజువైపోతుంది. ఇక ఆ జాబితా దేనికీ పనికిరాదు. ముందు ‘వెళ్లలేదు’ను తీసేయాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ముగింపును మాత్రమే కొట్టేస్తే ఆ మూడూ కలిసి దాన్ని మళ్లీ పుట్టిస్తాయి. మూడింట్లో ఒకటి పోవాలి, ఒక్కటి పోతే చాలు. తేదీలు ప్రభుత్వ ఉత్తర్వులోవి, గట్టివి. పడవకు ఇంజన్ ఉండడం కళ్లారా చూశారా? అయితే అదీ గట్టిదే. ‘వెళ్లవు’ అన్నదే బలహీనం. ‘వెళ్లకూడదు’ అన్నది చెక్కుచెదరదు. బలహీనమైనదాన్ని వదిలాకే కొత్త కబురు చేర్చండి. 1985లో ఆల్చురాన్, గార్డెన్‌ఫోర్స్, మాకిన్సన్ అనే ముగ్గురు తర్క పరిశోధకులు సూత్రాలుగా కూర్చిన నమ్మకాల సవరణ పద్ధతికి ప్రాణం ఇదే: తప్పనిసరైనంత మేరకే వదులుకోవడం.

అదే పడవ జూన్ 15న బయల్దేరిందనుకోండి, అప్పుడు సవరణ అక్కర్లేదు. మారింది లోకం. నిన్నటి నమ్మకం నిన్నటికి నిజమే కాబట్టి దాన్ని తప్పుపట్టకుండా ఈరోజు స్థితిని మాత్రం తాజాపరచండి.