ఘానాలోని హో వెళ్లే ముందు

వోల్టా ప్రాంత రాజధాని హో. అవటిమే కొండలు చూడాలనుకునేవాళ్లు ఇక్కడే మకాం వేస్తారు.

- అన్నిటికంటే ముందు ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి. ఆ సర్టిఫికెట్ ఘానాలో దిగగానే అడుగుతారు. తిరిగొచ్చాక మన ఎయిర్‌పోర్టులోనూ చూపించాలి. లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు. కాబట్టి పాస్‌పోర్ట్‌తోనే పెట్టుకోండి, సూట్‌కేసులో కాదు.

- మలేరియా మాత్రలు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి. తిరిగొచ్చాక జ్వరం వస్తే ఘానా వెళ్లొచ్చినట్టు తప్పకుండా చెప్పండి.

- దేశ రాజధాని అక్రా నుంచి వచ్చే ట్రోట్రోలు (షేర్ వ్యాన్లు) నిండితేనే కదులుతాయి. పొద్దున్నే బయల్దేరితే టెన్షన్ ఉండదు. చీకటి పడ్డాక రోడ్డు ప్రయాణం వద్దు.

- ఘానా కరెన్సీ సీడీల్లో చిల్లర దగ్గరుంచుకోండి.

- అవటిమే కొండల్లోని అమెడ్జోఫే ఊళ్లో ఒటే జలపాతానికి దిగే దారి నిటారుగా ఉంటుంది. వానలో జారుతుంది, చెప్పులతో సాహసాలొద్దు. గైడ్‌ని తీసుకోండి. డిసెంబర్-ఫిబ్రవరి మధ్య హర్మట్టాన్ (సహారా వైపు నుంచి వీచే పొడిగాలి) ధూళి కమ్మితే జెమి కొండెక్కినా దూరపు దృశ్యాలు కనబడవు. ఫొటోల కోసమే వెళ్తుంటే ఆ నెలలు నాకైతే దండగ.

- ఇక్కడా ఎడమ చేత్తో ఇవ్వడం మర్యాద కాదు. మనకిది కొత్తేం కాదనుకోండి.