సెప్సిస్ రోగి చేతులకూ కాళ్లకూ రక్తం అందుతోందా? థర్మల్ కెమెరాతో చూసే తీరు

ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినడమే సెప్సిస్. చికిత్సలో గురిగా పెట్టుకునే సగటు బీపీ 65 దాటినా ఆ రోగి పాదాలు చల్లగా ఉండిపోవచ్చు. షాక్‌లో (రక్తప్రసరణ కుప్పకూలిన స్థితిలో) శరీరం గుండెకూ మెదడుకూ రక్తం మిగల్చడానికి చర్మంలోని సన్న రక్తనాళాలను బిగిస్తుంది. అందుకే చల్లదనం వేళ్ల కొసల్లో మొదలై పైకి పాకుతుంది. మోకాలి చుట్టూ వల అల్లినట్టు కమిలిన మచ్చలూ దీనివల్లే వస్తాయి. నల్లని ఒంటి మీద అవి తొందరగా కంటికి ఆనవు. థర్మల్ కెమెరా అక్కరకొచ్చేది అక్కడే. అది కొలిచేది చర్మం వేడిని, రక్తప్రవాహాన్ని కాదు. అందుకే ఒక్క ఫొటోతో ఏమీ తేలదు. ఒకే రోగికి ఒకే తీరులో తీసిన ఫొటోల మధ్య తేడానే చదవాలి.

చాలా కెమెరాలు చూపే డిగ్రీలు 2 అటూ ఇటూ ఉండొచ్చు. ఒకే ఫొటోలో రెండు చోట్ల మధ్య తేడాను మాత్రం అవి బాగానే పట్టుకుంటాయి. పిక్సెళ్ల లెక్క మరిచిపోవద్దు. ఫోన్‌కు తగిలించే 80×60 రకం మీటరు దూరం నుంచి చూస్తే ఒక్కో పిక్సెల్ సుమారు 13 మిల్లీమీటర్లు. అంటే వేలి కొస మొత్తం ఒకే చుక్క, అందులో పక్కనున్న దుప్పటి వేడి కూడా కలిసిపోతుంది. కొలిచే చోట కనీసం 3×3 పిక్సెళ్లు ఉండాలి కాబట్టి ఆ రకం కెమెరాను 30 సెంటీమీటర్ల దగ్గరికి తేవాలి. 320×240 రకానికి మీటరు దూరం సరిపోతుంది.

విశాఖలో కెమెరాకు అసలు శత్రువు సముద్రపు తేమ. కేజీహెచ్ అయినా, హనుమంతవాక విమ్స్ అయినా, ఆరిలోవ వైపు ఆసుపత్రులైనా, ఏసీ గది తలుపు దాటితే ఉక్కపోతే. చల్లబడ్డ కెమెరాను అలాగే వరండాలోకి తెస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. ఆ ఆవిరితో తీసిన ఫొటో పనికిరాదు. గాజుగుడ్డతో రుద్దితే జెర్మేనియం లెన్స్ పూత పోతుంది. బయటికి తెచ్చే ముందు జిప్ కవర్లో పెట్టి మూసేసి, వేడెక్కాక తీయండి. లోపలికి తెచ్చినప్పుడు ఆన్ చేసి 10–15 నిమిషాలు పక్కన పెట్టండి, అప్పటిదాకా అంకెలు జారుతూనే ఉంటాయి. ఫొటో తీసేటప్పుడు మాత్రం కవర్ వద్దు, ప్లాస్టిక్ గుండా వేడి సరిగా రాదు. గాజు గుండా అసలే రాదు.

గది 24–25 డిగ్రీలు, ఏసీ గాలి మంచం మీద పడకూడదు. దుప్పటి తీసి కనీసం 10 నిమిషాలు ఆగాలి. స్పిరిట్ దూదితో తుడిచిన చోటును కొలవొద్దు, ఆవిరవుతూ అది చర్మాన్ని చల్లబరుస్తుంది. చెమట, కొబ్బరినూనె ముందే పొడి బట్టతో అద్దేయండి. పట్టీలు, మెట్టెలు తీయగలిగితే తీయండి, లేకపోతే ఆ చోటు వదిలేయండి: వెండి తన వేడిని చూపదు, చుట్టూ ఉన్న వేడిని అద్దంలా తిప్పి చూపిస్తుంది. బీపీ కఫ్, ఆర్టీరియల్ లైన్ (ధమనిలో పెట్టిన సన్న గొట్టం) ఉన్న చేయి కూడా వద్దు.

ఎమిసివిటీ (చర్మం తన వేడిని ఎంత బాగా వెదజల్లుతుందో చెప్పే అంకె) 0.98 పెట్టండి. పరావర్తన ఉష్ణోగ్రత (చుట్టుపక్కల నుంచి చర్మం మీద పడి తిరిగొచ్చే వేడి) దగ్గర గది వేడిని రాస్తే చాలు, చర్మం విషయంలో దాని ప్రభావం తక్కువ. రంగుల స్కేలు మాత్రం ఆటోలో వదలొద్దు. 22 నుంచి 36కు బిగించండి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే: ఆటోలో ప్రతి ఫొటోకూ స్కేలు మారుతుంది, నిన్నటి నీలం ఇవాళ ఎరుపవుతుంది, కాలు బాగుపడిందనుకుంటాం. కెమెరాను చర్మానికి ఎదురుగా పట్టండి. 45 డిగ్రీలకు మించి వాలితే అంకె తగ్గి కనిపిస్తుంది.

కొలిచేవి రెండు జతలు: ముంజేయి–చూపుడువేలి కొస, తొడ–కాలి బొటనవేలు. మోకాలిని విడిగా తీయండి. ముంజేయి 33.4, వేలి కొస 28.6 అయితే తేడా 4.8. ముంజేయి జతలో తేడా 0 దాటితే నాళాలు బిగుసుకోవడం మొదలైనట్టు, 4 దాటితే గట్టిగా బిగుసుకున్నట్టు. కాలి జతకు ఈ హద్దును అంటగట్టకండి, అక్కడ తేడా పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే చూడండి. గది వేడి, నార్అడ్రినలిన్ (నాళాలను బిగించి బీపీ పెంచే మందు) మోతాదు, సమయం పక్కనే రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు. మోతాదు పెంచగానే వేళ్లు చల్లబడితే అది మందు పని కూడా కావచ్చు.

మధుమేహంతో కాళ్ల ధమనులు పూడినవారికి పాదం మామూలుగానే చల్లగా ఉండొచ్చు. ఒక్క కాలే చల్లగా ఉంటే సెప్సిస్ కంటే ముందు ఆ కాలి ధమనిని అనుమానించండి. ఒక్క కాలే వేడిగా ఉంటే చర్మం కింది ఇన్ఫెక్షన్ అయిన సెల్యులైటిస్‌నో, సిరలో గడ్డనో వెతకండి. వేళ్లు వెచ్చగా ఉన్నాయని సెప్సిస్ లేదనుకోవద్దు, తొలిదశలో నాళాలు వదులై ఒళ్లంతా వెచ్చగానే ఉండొచ్చు.

చర్మం వేడి నిదానంగా మారుతుంది. ఫ్లూయిడ్ ఇచ్చిన ఫలితం ఫొటోలో కనిపించడానికి చాలాసేపు పట్టొచ్చు, అందుకే గంటకోసారి తీస్తే చాలు. వెంటనే తెలియాలంటే పాత పద్ధతే మేలు: కుడి చూపుడువేలి కొసను లోపలివైపు గాజు స్లైడుతో తెల్లబడేదాకా నొక్కి, 10 సెకన్లు పట్టి వదలండి. రంగు తిరిగి రావడానికి 3 సెకన్లు దాటితే తేడా ఉన్నట్టే. 2019లో వచ్చిన ఆండ్రోమెడా-షాక్ పరిశోధనలో దీన్నే 30 నిమిషాలకోసారి చూశారు. వేలికి గోరింటాకు పండి ఉంటే రంగు మారడం తెలియదు, వేరే వేలు చూసుకోండి. యాంటీబయాటిక్, లాక్టేట్ రక్తపరీక్ష, ఫ్లూయిడ్ పనులు ఫొటో కోసం ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

ఫొటోలో ముఖం, చేతి పట్టీ మీది పేరు పడకుండా చూసుకోండి. సొంత ఫోన్లో ఉంచుకోవద్దు.