గట్టు షెడ్డులో డిష్ బొమ్మ పోయి పోయి వస్తుంటే

రాజోలు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద కాపలా షెడ్లకు ఫ్రీ డిష్‌లు బిగిస్తుంటాను. "బొమ్మ పోయి పోయి వస్తోందన్నా" అని ఫోన్ రాగానే ముందు నేనడిగేది, ఎప్పుడు పోతోంది అని.

గాలి వీచినప్పుడే అయితే డిష్ వెనక నిలబడి పైకి చూడండి. డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మన కోనసీమ నుంచి చూస్తే ఆగ్నేయాన, దాదాపు 66 డిగ్రీల ఎత్తున. ఆ దారిలో కొబ్బరి మట్ట ఊగితే చాలు, బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోతుంది. మట్టలు కొట్టించే కంటే డిష్‌ను నాలుగడుగులు జరపడం తేలిక (చెట్టు పక్కవాళ్లదైతే మరీను). చెట్టు అడ్డం లేకపోతే పైపు పట్టుకుని ఊపండి. గట్టు మట్టి మెత్తన, కదిలితే కాంక్రీటు వేయాల్సిందే.

ఏరియేటర్లు (చెరువు నీటికి గాలి పట్టించే కరెంటు యంత్రాలు) వేసినప్పుడే పోతుంటే వోల్టేజీ పడిపోతోందేమో అనుమానించండి. బాక్సును ఇన్వర్టర్ మీద నడిపి చూడండి.

పొద్దున్నే మంచుకు పోయి ఎండెక్కాక వస్తోందా? మనది ఉప్పుగాలి. ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు సిగ్నల్ అందుకునే బుడ్డి) దగ్గర కేబుల్ కనెక్టర్ విప్పితే చాలాసార్లు పచ్చటి చిలుము కనిపిస్తుంది. తుడిచి మళ్ళీ పెట్టొద్దు. కేబుల్ చివర జానెడు కోసేసి కొత్త కనెక్టర్ వేసి, పైన టేపు చుట్టండి. కేబుల్‌ను కిందికి వంపు తిప్పి వదిలితే వాననీరు అక్కడే కారిపోతుంది.

డిష్ తిప్పేటప్పుడు మెనూలో 'క్వాలిటీ' గీతనే చూడండి. 'స్ట్రెంగ్త్' డిష్ ఎటున్నా నిండుగానే కనిపించొచ్చు. జోరువానలో పోతే మాత్రం ఏదీ ముట్టుకోకండి. తగ్గాక అదే వస్తుంది.