గోరుచిక్కుడు కొబ్బరికారం కూర ఎలా చేయాలి?

గోరుచిక్కుడు వండుతున్నానంటే ముఖం చిట్లించేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరైనా ఉంటారు. చేదంటారు, నార నోటికి తగులుతుందంటారు. ముదురు కాయలు తెచ్చి, సరిగ్గా ఉడకనివ్వకుండా పోపులో పడేస్తే ఏ కూరైనా అలాగే ఉంటుంది. లేత కాయలతో, కాస్త ఓపిగ్గా చేస్తే అన్నంలోకి ఇంతకన్నా కమ్మటి కూర లేదని నా నమ్మకం. తెలంగాణలో గోకరకాయ, సీమలో మటిక్కాయ అనేది కూడా దీన్నే.

బజార్లో కాయను సంచిలో వేసుకునే ముందు ఒకదాన్ని మధ్యకు వంచి చూడండి. టప్పున విరిగితే లేతది. విరిగిన చోట దారంలా నార వేలాడితే ముదిరినట్టే. కాయ మీద వేలితో రాస్తే లోపలి గింజలు ఉబ్బెత్తుగా తగలకూడదు. రాజస్థాన్‌లో ఈ పంటను విస్తారంగా వేసేది ముదిరిన గింజల కోసమే. ఐస్‌క్రీముల్లో చిక్కదనానికి కలిపే గ్వార్ గమ్ ఆ గింజల నుంచే తీస్తారు. మన కూరకు మాత్రం గింజ కట్టని కాయే కావాలి.

ముగ్గురికి పావుకిలో సరిపోతుంది. కాయలు కడిగి, తొడిమ తుంచేటప్పుడే అంచు వెంబడి నార కిందిదాకా లాగేయండి. రెండో కొన దగ్గర కూడా అంతే. ఈ పని కత్తితో కాదు, చేత్తోనే కుదురుతుంది. తర్వాత అంగుళం ముక్కలుగా తుంచుకోండి.

ఇప్పుడు ఉడికించడం. కూర రుచంతా ఇక్కడే ఉంది. గిన్నెలో ముక్కలు మునిగేటన్ని నీళ్లు పోసి బాగా మరిగించి, అర చెంచా ఉప్పు వేసి, అప్పుడు ముక్కలు వేయండి. మూత పెట్టొద్దు. కూరగాయలో ఉన్న పులుపు ఆవిరితో బయటికి పోతేనే పచ్చరంగు నిలుస్తుంది, మూత పెడితే అది మళ్లీ గిన్నెలోకే దిగి ముక్కలు పాచిరంగుకు తిరుగుతాయి. లేత కాయలైతే పది నిమిషాల్లోపే ఉడుకుతాయి. ఒక ముక్కను వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా అణగాలి, చిదిమిపోకూడదు. వెంటనే నీళ్లు వంచేసి చిల్లుల గిన్నెలో ఆరబెట్టండి.

చింతపండు రసం వేసే అలవాటుంటే ముక్క ఉడికాకే వేయండి. ఒకసారి తొందరపడి ముందే పోశాను. అరగంట మంట మీద ఉన్నా ముక్క గట్టిగానే ఉంది. పులుపు తగిలితే కాయ మెత్తబడడం బాగా నెమ్మదిస్తుంది.

ముక్కలు ఆరేలోగా కారం చేసుకోవాలి. నాలుగు ఎండుమిరపకాయలు దోరగా వేయించి, అర చెంచా జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, గుప్పెడు పచ్చికొబ్బరి కోరు కలిపి రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీ అయితే రెండుసార్లు తిప్పి ఆపేయండి. మెత్తగా రుబ్బితే పచ్చడిలా ముద్ద కట్టి ముక్కకు అంటదు. కొబ్బరి లేకపోతే వేయించిన నువ్వుల పొడి రెండు చెంచాలు వేసుకోవచ్చు, జొన్నరొట్టెలోకైతే నాకు అదే ఇష్టం.

బాణలిలో రెండు పెద్ద చెంచాల నూనె వేసి, శనగపప్పు, మినప్పప్పు ఎర్రబడ్డాక ఆవాలు చిటపటలాడించి, కరివేపాకు, చిటికెడు పసుపు వేయండి. అందులో ముక్కలు వేసి, సన్న సెగ మీద అయిదారు నిమిషాలు కదపకుండా వదిలి, ఒకసారి తిరగేయండి. నీరంతా ఇగిరి, అంచులు కాస్త ముడుచుకుంటున్నప్పుడు కొబ్బరికారం చల్లి రెండు నిమిషాలు కలపండి. ఉడికేటప్పుడు ఉప్పు పట్టి ఉంటుంది కాబట్టి రుచి చూసి, చాలకపోతేనే ఇంకాస్త వేయండి. చివర్లో శనగగింజంత బెల్లం వేస్తే మిగిలిన చిరుచేదు కూడా అణుగుతుంది, తీపి తెలియదు.

ఊళ్లో లేనివాళ్లకు, విదేశాల్లో ఇండియన్ దుకాణాల్లో గ్వార్ పేరుతో ఫ్రీజర్‌లో దొరికే ముక్కలు పనికొస్తాయి. వాటిని కరగనివ్వకుండా మరిగే నీళ్లలోనే వేసి, మూడు నాలుగు నిమిషాలకే ఒక ముక్క నొక్కి చూసుకోండి. తోడుకు పప్పుచారు ఉంటే ఇంక వేరే కూర అక్కర్లేదు.